అధ్యక్షులవారి మూడు పచ్చ దీపాలు

విమానాల షెడ్డులో ఆమెను అందరూ అత్తగారనే పిలిచేవారు. నిజానికి ఆమె ఒక్క మెకానిక్‌కే అత్తగారు. భర్త పోయాక కూతురింట్లో ఉంటూ, ఊరికే కూర్చుని తినడం ఇష్టం లేక, అల్లుడు పనిచేసే విమానాల క్లబ్బులోనే తుడిచే పనికి చేరింది. అల్లుడు "అత్తయ్యా" అంటుంటే విని గేటు దగ్గరి కాపలావాడు "అత్తగారూ" అన్నాడు. అది అంటుకుపోయింది. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన క్లబ్బు కార్యదర్శి కూడా "అత్తగారూ, ఈ బల్ల మీద కాస్త గుడ్డ వెయ్యండి" అనేవాడు. ఒక్క పిల్లనిచ్చి ఇంతమంది అల్లుళ్ళను సంపాదించినదాన్ని నిన్నే చూశానమ్మా అని కూతురు నవ్వేది.

షెడ్డులో ఏడు విమానాలుండేవి. ఆరింటికి చక్రాలు ఎడ్లబండికి ఉన్నట్టే ఎప్పుడూ కిందే ఉంటాయి. ఏడోది క్లబ్బు అధ్యక్షుడిది. నలుగురు కూర్చునే తెల్ల విమానం. నేల వదిలిందంటే మూడు కాళ్ళూ పొట్టలోకి ముడుచుకుంటుంది. అత్తగారు దాన్ని కొంగ అనేది. ఏడింటిలోనూ ఆమెకు అదంటేనే ఇష్టం. రెక్క మీద ఏ మేకు తల ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

"ముడుచుకునే కాళ్ళతో ఇదే చిక్కు అత్తయ్యా," అనేవాడు అల్లుడు. "ముడుచుకున్నంత సులువుగా దిగుతాయని నమ్మకం లేదు. రోజూ పలకరిస్తూ ఉండాలి."

ఒకనాడు కొంగ ముక్కు కింద నేల మీద ఎర్రటి చుక్క ఒకటి అత్తగారి కంట పడింది. చిన్న బొట్టుబిళ్ళంత. తుడిచింది. మర్నాడు మళ్ళీ అక్కడే ఉంది. మూడోనాడు తుడవకుండా అల్లుణ్ణి పిలిచి చూపించింది. అతను వేలితో తీసి వాసన చూసి, పొట్టకింద దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు. కాళ్ళను ఆడించే నూనె వెళ్ళే హోస్ పైపు ముసలిదైపోయింది. కొత్తది తెప్పించాలి.

అధ్యక్షుడు ఒప్పుకోలేదు. కొత్త క్లబ్బు భవనం ప్రారంభోత్సవం దగ్గర పడుతోంది. ఆయన దృష్టంతా విమానానికి వేయించే రంగు మీద ఉంది.

"పైపు లోపలుండేది. ఎవడికి కనిపిస్తుందయ్యా," అన్నాడు. "రంగు బయటుండేది."

"రంగు ఊడితే విమానం పడదు సార్," అన్నాడు మెకానిక్.

ఆ మాట అన్నందుకు వారం రోజులు ఆయన అతని మొహం చూడలేదు. మెకానిక్ కూడా లాగ్‌బుక్‌లో సంతకం పెట్టలేదు. ఆ సంతకం లేకుండా విమానం షెడ్డు దాటకూడదు. ఎనిమిది రోజులు కొంగ జాకీల మీద అలాగే నిలబడింది. ఎనిమిదో రోజున పైపు వచ్చింది, రంగూ వచ్చింది.

పైపు మార్చాక అతను అత్తగారిని లోపల కూర్చోబెట్టాడు. విమానం జాకీల మీద గాల్లో ఉండగా పదిసార్లు కాళ్ళు ముడిపించి, పదిసార్లు దింపించాడు. ముందున్న బోర్డు మీద మూడు చిన్న దీపాలు. ఒక్కో కాలు పూర్తిగా దిగి గడియ పడితే ఒక్కో దీపం పచ్చగా వెలుగుతుంది. ఆమె లోపలినుంచి "పచ్చ, పచ్చ, పచ్చ" అని చెప్పాలి. ముప్పైసార్లు చెప్పింది. అప్పుడు సంతకం పెట్టాడు.

"అద్దాలు తుడవండి, గడియారాల్లా ఉన్న ఈ ముళ్ళ గుండ్రాలు తుడవండి," అన్నాడు దిగుతూ. "తిప్పేవాటి జోలికి మాత్రం వెళ్ళకండి అత్తయ్యా."

"పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడుస్తాను బాబూ," అన్నది ఆమె. అలాగే తుడిచేది, చిటికెన వేలికి గుడ్డ చుట్టుకుని.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే అధ్యక్షుడు ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. అత్తగారు కొంగ వెనక సీట్లో కిటికీ తుడుస్తోంది.

"ఫోటోలో పడతారు, కిందికి వంగండి," అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఆమె రెండు సీట్ల మధ్య గొంతుక్కూర్చుంది. అధ్యక్షుడు ముందు సీట్లో కూర్చుని, ఛాతీ పెంచి, దవడ ముందుకు పెట్టాడు. ఫోటోగ్రాఫర్ పెదవి విరిచాడు. షెడ్డులో వెలుతురు తక్కువ, బోర్డంతా నల్లగా కనిపిస్తోంది, లైట్లేమైనా ఉన్నాయా సార్ అన్నాడు. అధ్యక్షుడు వెతికి వెతికి ఒక నాబ్ పట్టుకుని తిప్పాడు. గుండ్రాలన్నీ పెళ్ళివారిల్లులా వెలిగాయి.

"అబ్బ, ఇది ఉందని నాకే తెలీదే," అన్నాడాయన సంతోషంగా.

తెలియకపోవడంలో వింత లేదు. అది రాత్రిపూట నడిపేవాళ్ళ కోసం పెట్టిన నాబ్. చీకటి పడితే ఆయన కారు కూడా నడపడు. ఫోటో తీశారు. ఇద్దరూ దిగిపోయారు. సీట్ల మధ్య అత్తగారు ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. నాబ్ సంగతి అంతకన్నా గుర్తులేదు. అల్లుడు తిప్పేవాటి జోలికి వెళ్ళొద్దన్నాడు కాబట్టి ఆమె దాన్ని అలాగే వదిలేసి దిగింది.

కార్యక్రమం ఇది: అతిథులంతా మైదానం పక్కన పందిరి కింద కూర్చుంటారు. అధ్యక్షుడు ఆకాశంలో రెండు చుట్లు కొట్టి, దిగి, నడిచొచ్చి రిబ్బన్ కత్తిరిస్తాడు. కత్తెర పళ్ళెంలో సిద్ధంగా ఉంది. కొంగ లేచింది. కాళ్ళు ముడుచుకుంది. చప్పట్లు కొట్టారు. రెండు చుట్లూ అయ్యాయి. మూడో చుట్టు మొదలయ్యేసరికి మెకానిక్ మొహం మారింది. పైన ఏదో తేడాగా ఉంది.

రేడియో గది కొత్త భవనం మేడ మీద ఉంది, చుట్టూ అద్దాలు. క్లబ్బు నియమాల ప్రకారం అధ్యక్షుడు ఆకాశంలో ఉన్నప్పుడు మైకులో ఆయనతో మాట్లాడే అధికారం కార్యదర్శి ఒక్కడిదే. మెకానిక్ మెట్లు రెండేసి ఎక్కుతూ పరిగెత్తాడు. అత్తగారు బకెట్టు పట్టుకుని వెనకే ఎక్కింది. చేతిలో బకెట్టున్న ఆడదాన్ని ఎక్కడికని ఎవరూ అడగరు.

"ఒక్క దీపమూ వెలగలేదు," అంటోంది స్పీకరులో అధ్యక్షుడి గొంతు. "చక్రాలు దిగలేదు. మీ మెకానిక్ ఏడీ?"

పొద్దుటిదాకా అతను "మన మెకానిక్".

గదిలో కార్యదర్శితో పాటు ఉపాధ్యక్షుడు ఉన్నాడు, కళ్ళకు బైనాక్యులర్స్ పెట్టుకుని. తొమ్మిదేళ్ళుగా ఆయన ఉపాధ్యక్షుడే. దిగులుగా కనిపించడానికి చాలా కష్టపడుతున్నాడు.

"ఒకసారి కిందుగా మా మీదుగా వెళ్ళమనండి సార్, చూస్తాను," అన్నాడు మెకానిక్.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, తమకు వీలైతే, తమ దర్శనభాగ్యం మరొక్కసారి, కాస్త దగ్గరగా..."

కొంగ పందిరి మీదుగా రివ్వున వెళ్ళింది. మూడు కాళ్ళూ తిన్నగా కిందికి చాపి ఉన్నాయి. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని అతిథులు మళ్ళీ చప్పట్లు కొట్టారు.

"దిగాయి," అన్నాడు మెకానిక్.

"దిగాయి సరే, గడియ పడిందా?" అన్నాడు ఉపాధ్యక్షుడు. "తలుపు దగ్గరికి వేసినంత మాత్రాన గడియ పడ్డట్టు కాదుగా. నేల తగలగానే మడత పడితే?"

"గడియ పడకపోతే ఇంజిను తగ్గించినప్పుడు హారన్ మోగాలి. చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. మోగుతోందా అడగండి."

"అయ్యా, తమకు విమానంలో ఏదైనా ధ్వని వినవస్తోందా?"

"ఏ ధ్వనీ లేదు," అన్నాడు అధ్యక్షుడు. "ఇంజిను తగ్గించినా లేదు. నా విమానం అలాంటి వెధవ చప్పుళ్ళు చెయ్యదు."

"అయితే గడియ పడింది. మామూలుగా దిగొచ్చు," అన్నాడు మెకానిక్.

ఈ మాట పైకి వెళ్ళింది. పైనుంచి జవాబు వచ్చింది.

"దీపం వెలగకుండా దిగితే ప్రమాదమని పుస్తకంలో రాసుంది. నేను నిర్ణయం తీసుకున్నాను. చక్రాలు మళ్ళీ ముడిచేసి, పొట్ట మీద గడ్డిలో దిగుతాను. నిపుణులు చేసే పనే. అతిథుల కుర్చీలు గడ్డి వైపు తిప్పించండి."

మెకానిక్ కిటికీ చట్రం పట్టుకున్నాడు. అత్తగారు అతని చేతి వంకే చూసింది. గ్రీజు ఎంత కడిగినా పోని వేళ్ళవి.

"బాగున్న కాళ్ళు ముడుచుకుని పొట్ట మీద దిగడమేంటి సార్? ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది. ఇంజిను పోతుంది. రెక్కల్లో పెట్రోలుంది, నిప్పురవ్వ తగిలితే మనిషే పోతాడు."

"లాగ్‌బుక్‌లో సంతకం ఎవరిది?" అన్నాడు ఉపాధ్యక్షుడు, బైనాక్యులర్స్ దించకుండానే.

"నాదే."

"మరి."

ఆ "మరి"లో అంతా ఉంది. విమానం పాడైతే మెకానిక్ లైసెన్సు పోతుంది. లైసెన్సు పోయిన మెకానిక్‌ను సైకిలు షాపువాడు కూడా పెట్టుకోడు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్న సామెతలో మద్దెల వాయించేవాడి గతి ఏమైందో ఎవరూ చెప్పలేదు. అత్తగారికి మాత్రం అది ఇప్పుడు కళ్ళెదుట కనిపిస్తోంది.

కార్యదర్శి నిప్పు ఆర్పే బండిని తెమ్మని కిందికి కేకేశాడు. దాని మీద సిలిండర్లు తీసేసి కూల్‌డ్రింకులు పెట్టామని కిందినుంచి జవాబు వచ్చింది. ఎర్ర రంగు పందిరికి బాగా నప్పిందట.

"మూడూ ఒక్కసారే ఎలా పోతాయి?" మెకానిక్ తనలో తను గొణుక్కుంటున్నాడు. "ఉమ్మడి కాపురంలో కూడా ముగ్గురు తోడికోడళ్ళూ ఒకే రోజు అలగరే."

అత్తగారు అతని పక్కకు వచ్చింది. "బాబూ," అన్నది మెల్లగా, "పొద్దున ఫోటో కోసం ఆయన ఒక నాబ్ తిప్పారు. కుడిపక్క కిందుంటుందే, నల్లది. గుండ్రాలన్నీ వెలిగాయి. మళ్ళీ ఆర్పలేదు."

మెకానిక్ నుదురు కొట్టుకున్నాడు.

"రాత్రి నాబ్. అది తిప్పితే పచ్చ దీపాలు మసకబారతాయి సార్. చీకట్లో కళ్ళు జిగేల్మనకుండా అలా పెట్టారు. ఈ ఎండలో ఆ వెలుగు ఎక్కడ కనబడుతుంది, పట్టపగలు మిణుగురును వెతికినట్టే. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నాబ్ వెనక్కి తిప్పమని చెప్పండి చాలు."

కార్యదర్శి మైకు అందుకోబోయి ఆగాడు.

"ఎవరు తిప్పారు దాన్ని?"

"ఎవరు తిప్పితే ఏంటి సార్. తిప్పమనండి."

"అంటే అధ్యక్షులవారు పొరబాటున తిప్పి మరిచిపోయారని నా నోటితో అనమంటావా? ఇక్కడ మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుందయ్యా. అధ్యక్షుడి పనిలో తప్పెంచాలంటే నియమాల ప్రకారం ఏడు రోజుల ముందు నోటీసివ్వాలి."

"ఆయన పెట్రోలు ఏడు రోజులు రాదు సార్. అరగంట వస్తుంది."

"ఉండు, నేను మర్యాదగా అడుగుతాను." కార్యదర్శి మైకు దగ్గరికి వంగాడు. "అయ్యా, తమ ఎదుటనున్న నాబ్‌లన్నీ తమ అభీష్టం మేరకే ఉన్నాయని భావిస్తున్నాము."

"ఉండక?" అన్నాడు అధ్యక్షుడు. "ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నాను. నేను తాకనిది ఏదీ దానంతటది తిరగదు. ఇంకో చుట్టు తిరిగొచ్చి చక్రాలు ముడుస్తాను. కుర్చీలు తిప్పారా?"

"విన్నావుగా," అన్నాడు కార్యదర్శి మెకానిక్‌తో.

మెకానిక్ మైకు లాక్కోబోయాడు. కార్యదర్శి దాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు. కింద అతిథులు కుర్చీలెత్తి గడ్డి వైపు తిప్పుకుంటున్నారు. నా కుర్చీ ముందంటే నాది ముందని ఇద్దరు పోట్లాడుకుంటున్నారు కూడా.

అత్తగారికి అప్పుడు అర్థమైంది, లోపం నాబ్‌లో లేదు. నిజం మెట్లెక్కి మేడ మీదికైతే వచ్చింది గానీ, ఆకాశంలోకి వెళ్ళడానికి దానికి తగిన హోదా లేదు. తప్పు ఎవరిదో తేలాలి. ఆ ఎవరో కిందివాళ్ళయి ఉండాలి. అప్పుడే మైకు తెరుచుకుంటుంది.

ఆమె ఒకసారి కొంగను చూసింది. మలుపు తిరుగుతోంది, కొత్త రంగు ఎండలో మెరుస్తోంది. ఆ రెక్కను నిన్న ఆమె రెండుసార్లు తుడిచింది. బకెట్టు కింద పెట్టింది.

"నేనే తిప్పానండీ," అన్నది.

ముగ్గురూ తిరిగి చూశారు.

"పొద్దున తుడుస్తుంటే గుడ్డ చుట్టుకుని తిరిగిపోయింది. చెప్తే తిడతారని చెప్పలేదు. అధ్యక్షులవారికి తెలీదండీ పాపం."

"అత్తయ్యా," అన్నాడు మెకానిక్.

"మీరు ఊరుకోండి బాబూ," అన్నది ఆమె.

కార్యదర్శి మొహం ముసురు వెలిసిన ఆకాశంలా తేటపడింది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి అయ్యా లేదు, భాగ్యం లేదు. "తుడిచే ఆవిడ రాత్రి నాబ్ తిప్పేసిందండీ, కుడిపక్క కింద నల్లది, వెనక్కి తిప్పండి, చక్రాలు ముడవకండి," అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. అంత తిన్నగా ఆయన మాట్లాడగలడని క్లబ్బులో ఎవరికీ తెలియదు.

స్పీకరు గరగరలాడింది. ఆ గరగరలో ఆయనకు పొద్దుటి ఫోటో గుర్తొచ్చిందో లేదో పైవాడికే తెలియాలి.

"పచ్చ," అన్నది గొంతు చివరికి. మళ్ళీ, "మూడూ పచ్చే." ఆ తర్వాత మామూలు గొంతుతో, "తుడిచే మనిషిని విమానంలోకి ఎవరు రానిచ్చారసలు?"

ఉపాధ్యక్షుడు బైనాక్యులర్స్ దించి అద్దాలు జేబురుమాలుతో తుడుచుకున్నాడు. పదో ఏడు మొదలైంది.

కొంగ నేల తాకి మూడుసార్లు ఎగిరిపడి, నాలుగోసారి నిలిచింది. మొదటి మూడూ అధ్యక్షుడివి, నాలుగోది విమానం సొంత తెలివి అన్నాడు తర్వాత మెకానిక్. అప్పుడు మాత్రం అతనికి నవ్వు రాలేదు. అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు రిబ్బన్ కత్తిరిస్తూ, ఆకాశంలో మనిషి ఒంటరివాడని, అక్కడ ధైర్యమే తోడని చెప్పాడు.

అందరూ వెళ్ళిపోయాక షెడ్డులో రెక్క నీడన మెకానిక్ పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. కూతురు కట్టిచ్చిన క్యారియర్ విప్పకుండానే ఉంది.

"రేపు కమిటీ ముందు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను అత్తయ్యా. మీరు చెయ్యని తప్పు మీ నెత్తినెందుకు?"

"చెప్తే సాక్షి ఎవరని అడుగుతారు. ఫోటోగ్రాఫర్ ఆయన మనిషి. మిగిలింది సీట్ల మధ్య గొంతుక్కూర్చున్న నేను. నేనే తిప్పానని ఒప్పుకున్నదీ నేనే. ఏ మాట నమ్ముతారు?" ఆమె క్యారియర్ మూత తీసి అతని ముందుకు జరిపింది. "నిజం చెప్తే ఆయన దిగనన్నాడు బాబూ. అబద్ధం చెప్తే దిగాడు. పైనున్నవాళ్ళే అలా ఉంటే మనమేం చేస్తాం? తినండి. కాళ్ళు బాగున్నాయి, మీ సంతకం బాగుంది. నాకది చాలు."

అతను రెండు ముద్దలు తిని ఆగాడు. "వాళ్ళు మిమ్మల్ని మళ్ళీ విమానం ముట్టుకోనివ్వరు."

ఆమె చిటికెన వేలికి గుడ్డ చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

విచారణ నివేదిక నాలుగు పేజీలు వచ్చింది. మూడు పేజీల నిండా అధ్యక్షుడి సమయస్ఫూర్తి ఉంది. నాలుగో పేజీలో చక్రాలు, పైపులు, గడియలు అన్నీ సవ్యంగా ఉన్నాయని, మెకానిక్ పనిలో లోపం లేదని ఒక వాక్యం ఉంది. దాని కింద, తుడిచే ఉద్యోగిని ఇకమీదట షెడ్డు గడప తొక్కరాదని, క్లబ్బు భవనం మాత్రమే తుడవాలని ఉంది. విమానం లోపల తుడిచే బాధ్యత హోదా ఉన్నవారికే అప్పగించాలని కూడా తీర్మానించారు. ఆ హోదా కార్యదర్శికి దక్కింది. ఆయన వారానికోసారి కోటు విప్పి, సీట్ల మధ్య దూరి, గుడ్డ ఎటు తిప్పాలో తెలియక చెమటలు కక్కేవాడు.

అత్తగారు క్లబ్బు భవనం కిటికీలోంచి షెడ్డును చూసేది. అక్కణ్ణుంచి కొంగ తోక ఒక్కటే కనిపిస్తుంది. ముక్కు కింది నేల కనిపించదు. అందుకే మెకానిక్ రోజూ పొద్దున్నే తనే నేల తుడిచి, కిటికీ దగ్గరికొచ్చి, "ఇవాళ పొడిగానే ఉంది అత్తయ్యా," అని చెప్పి వెళ్ళేవాడు.

నెల తిరగ్గానే క్లబ్బు భవనం గుమ్మానికి ఎదురుగోడ మీద పెద్ద ఫోటో తగిలించారు. నిలువెత్తు ఫ్రేము, మీద అద్దం. అధ్యక్షుడు దవడ ముందుకు పెట్టి నవ్వుతున్నాడు. ఆయన ముందు గుండ్రాలన్నీ పెళ్ళివారిల్లులా వెలుగుతున్నాయి. కింద బంగారు రంగు అక్షరాలతో "అప్రమత్తతే ఆయుష్షు" అని ఉంది. ఆయన కుడిచేతి రెండు వేళ్ళు కిందనున్న నల్ల నాబ్‌ను పట్టుకుని ఉన్నాయి. సీటు వెనకనుంచి తుడుపుగుడ్డ కొస ఒకటి తొంగిచూస్తోంది.

వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి మెచ్చుకునేవారు. కార్యదర్శి రోజూ మెచ్చుకునేవాడు. ఉపాధ్యక్షుడు కూడా చాలాసేపు చూసి, ఆ ఫ్రేములో తన మొహం ఎలా ఉంటుందో అనుకుని వెళ్ళిపోయాడు.

ఏదో కాగితం మీద సంతకానికి వచ్చిన మెకానిక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఫోటోను చూశాడు, అత్తగారిని చూశాడు.

"ఎన్నాళ్ళయింది ఇది ఇక్కడ తగిలించి?"

"పన్నెండు రోజులు."

"ఎవరూ చూడలేదా అత్తయ్యా?"

"అందరూ చూస్తున్నారు బాబూ. మొహం చూస్తారు. చెయ్యి ఎవరు చూస్తారు?"

అతను నవ్వు ఆపుకోలేక మెట్ల మీదికి వెళ్ళి నవ్వాడు. ప్రారంభోత్సవం తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి.

అద్దం మీద మరక పడితే ఊరుకోనని కార్యదర్శి ఆమెకు గట్టిగా చెప్పాడు. ఆమె రోజూ స్టూలెక్కి పైనుంచి కిందికి తుడిచేది. కుడిపక్క కిందికి వచ్చేసరికి గుడ్డ చిటికెన వేలికి చుట్టుకుని, ఆ రెండు వేళ్ళూ నల్ల నాబూ ఉన్నచోట ఇంకో రెండుసార్లు రుద్దేది. అద్దమంతటిలోనూ అక్కడే ఎక్కువ మెరిసేది.